నా పేరు మీదున్న అప్పీలు

క్వారీకి ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌లో వేసిన అప్పీలును వెనక్కి తీసుకుంటున్నామని సంతకం పెట్టింది నేనే. రాజీ పడ్డావా అని అడిగినవాళ్లకు షరతులు చదివి వినిపిస్తాను: పేలుళ్లు పగలే, దారికి రోజూ నీళ్లు, చెరువు వైపు తవ్వకం లేదు. ఇవి స్టాంపు పేపరు మీద రాసుకున్నవి కావు. ట్రిబ్యునల్ ఉత్తర్వులోకే ఎక్కించాలని మా వకీలుగారు పట్టుబట్టారు. ఉత్తర్వులో ఉంటే 2010 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 25వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయించుకోవచ్చు. ఊరికే విత్‌డ్రా చేసుకుంటే చేతిలో ఏమీ మిగలదు. ఇంతవరకూ నా మనసుకు సమాధానం ఉంది.

లేనిది ఇంకోచోట. అదే చట్టం 16వ సెక్షన్ అప్పీలుకు 30 రోజులు ఇస్తుంది, తగిన కారణం చూపితే మరో 60. నేను సంతకం పెట్టేనాటికి ఆ గడువు ఎప్పుడో దాటింది. మాస్టారు వేశారు కదా అని వేరే అప్పీలు వేయకుండా ఊరుకున్న ప్రతి ఇంటి హక్కూ నా సంతకంతోనే పోయింది. దుమ్ము గురించి, మాట తప్పడం గురించి మళ్లీ ఫిర్యాదు చేయొచ్చు. అసలు ఆ కొండకు అనుమతి ఇవ్వొచ్చా అన్న అప్పీలు మాత్రం ట్రిబ్యునల్ ముందు ఇక మావాళ్లెవరూ వేయలేరు.

పంచాయతీ ఆఫీసు దగ్గర అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఎక్కువమంది సరేనన్నారు. కొండ కింద ఉన్న కొద్ది ఇళ్లవాళ్లు వద్దన్నారు. బండ పేలితే ముందు బీటలిచ్చేది వాళ్ల గోడలే. వాళ్ల మాటకు ఎక్కువ బరువుండాలని నాకు అప్పుడూ తెలుసు.

తెలిసీ ఎందుకు ముందుకెళ్లాను? 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న రోజే, అప్పటి పర్యావరణ అప్పీలు అథారిటీ అక్కడి థర్మల్ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అప్పీళ్లు గెలుస్తాయని ఎరిగే నేను ఆగాను. ఓడితే ఈ షరతులు కూడా దక్కవన్న భయం నిజం. వాయిదాలకు తిరిగి తిరిగి అలిసిపోయిన మాటా నిజం. భయం ఊరి కోసం, అలసట నాకోసం. సంతకం పెట్టించింది ఏదో ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను.

అనుమతి పొందినవాళ్లు షరతుల అమలు మీద ఏటా జూన్‌లో, డిసెంబరులో నివేదిక ఇవ్వాలి. దొరికిన ప్రతిసారీ దాన్ని కొండ కింది ఇళ్లకు తీసుకెళ్లి చదువుతాను. “అప్పీలు ఉండుంటే ఇంకా అడిగేవాళ్లం కదా మాస్టారూ” అంటుంది ఒకామె.

అడిగేవాళ్లమే.