బడి యెవరిది?

బడి, కుటుంబం, వూరు యీ మూడూ కలిస్తేనే పిల్లవాడికి చదువు వస్తుందని నేడు అందరూ వొప్పుకుంటున్నారు. భూస్వామి వొప్పుకుంటున్నాడు, కూలివాడు వొప్పుకుంటున్నాడు, ప్రభుత్వమూ వొప్పుకుంటున్నది. యింతమంది యింత సులభంగా వొప్పుకున్న మాటను ఆలోచనాపరులు వొకసారి నిలిపి ప్రశ్నించాలి. కలవడమంటే యేమిటి? యెవరు యెవరితో కలవాలి? యెవరి షరతుల మీద కలవాలి?

శాసనాల వరకు చూస్తే మనకు లోటు లేదు. పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఆంధ్రప్రదేశ్ 1998 లోనే చట్టం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను బడికొక యాజమాన్య కమిటీ వుండాలన్నది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. సగంమంది స్త్రీలు కావాలి. బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. బడి నడకను గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధుల ఖర్చును పరిశీలించడం కమిటీ పనులు. 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న, రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు వొకేరోజున పెద్దయెత్తున జరిగాయి. మంచిదే. కాని సమానులు కానివారిని వొక బల్ల ముందు కూర్చోబెట్టినంత మాత్రాన వారు భాగస్వాములవుతారా?

యీ ప్రశ్నకు జవాబు గాలిలో దొరకదు, నేలమీద వెతకాలి. కోనసీమనే తీసుకుందాం. గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న యీ నేలను కొబ్బరితోటల అందంగా వర్ణించడం మనకు అలవాటు. ఆ తోటల్లో దింపు తీసేవారు, కాయ వలిచేవారు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా కాసేవారు ఆ వర్ణనలో కనిపించరు. రాజోలు ప్రాంతంలోని పేటల నుంచి యెందరో స్త్రీలు కువైట్, ఖతర్ వంటి దేశాలకు యింటిపనికి వెళ్ళారు. వెళ్తూనే వున్నారు.

అటువంటి యింటిలో వొక పిల్లవాడు వున్నాడనుకోండి. తల్లి కువైట్‌లో మరొకరి బిడ్డను ఆడిస్తున్నది. తండ్రి తెల్లవారకముందే దింపుకు వెళ్ళాడు. బడి సమావేశానికి నాయనమ్మ వస్తుంది. మాస్టారు మర్యాదగానే, “మామ్మగారూ, తల్లిదండ్రులు రావాలండి. పిల్లవాడి చదువు వారికి పట్టకపోతే యెలా?” అంటారు. ఆమె, “నాకేం తెలుస్తాది బాబూ, తమరే సూసుకోవాలి” అని దణ్ణం పెట్టి, వేలిముద్ర వేసి వెళ్ళిపోతుంది. రిజిస్టరులో హాజరు పడింది. భాగస్వామ్యం పూర్తయింది! కాని తన కొడుకు చదువు కోసమే సముద్రం దాటిన తల్లికి ఆ చదువు పట్టలేదనడం న్యాయమేనా? ఆమె లేకపోవడం అశ్రద్ధ కాదు. ఆ చదువుకు ఆమె చెల్లిస్తున్న ధర అది.

“పేటవాళ్ళకు చదువు విలువ తెలియదు” అనే వాదం కొత్తది కాదు. దానికి కోనసీమే జవాబు చెప్పింది. 1911లో మామిడికుదురులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఆ నాటకం చూసి కొడుకులను పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులున్నారని పెద్దలు చెప్పుకునేవారు. విలువ తెలియనివారు అలా చేయరు. వారికి లేనిది కోరిక కాదు, తీరిక. అంతకుమించి, బడిలో నోరు విప్పి అడిగే హక్కు.

యిక వూరి సంగతి. ‘సముదాయం’ అన్న మాటను మనం పవిత్రంగా వాడుతున్నాం. అంబేడ్కర్ చిన్నతనంలో బడిలో వేరుగా గోనెపట్టా మీద కూర్చున్నారు. నీళ్ళకుండను ముట్టుకోనివ్వలేదు. ఆనాడు బడికీ వూరికీ సహకారం లేదని యెవరనగలరు? ఆ పిల్లవాణ్ణి దూరంగా కూర్చోబెట్టడంలో బడీ వూరూ సంపూర్ణంగా యేకమయ్యాయి! కాబట్టి కలయిక దానంతటది నీతి కాదు. యే పిల్లవాడి పక్షాన కలిశారన్నదే నీతి.

యిది పాతకథ అనుకోవడానికి వీలులేదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. మంత్రి యింటికి, ఎమ్మెల్యే యింటికి నిప్పు పెట్టారు. ఆ గుంపులోని యువకులు బడి మొహం చూడనివారు కారు. వారికి అక్షరాలు బడి నేర్పింది, కులం వూరు నేర్పింది. బడి ఆ రెండో పాఠాన్ని ప్రశ్నించకుండా వూరుకున్నది.

మరొక మాట. స్తోమతగల కుటుంబాలు తమ పిల్లలను ప్రైవేటు స్కూలు బస్సు యెక్కించి యేనాడో వూరిబడిని విడిచిపెట్టాయి. మన ఉపాధ్యాయుల్లో పలువురు కూడా ఆ పనే చేశారు. యాజమాన్య కమిటీ నిబంధన ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. అంటే భాగస్వామ్యం బాధ్యత యెవరికి తీరిక తక్కువో వారి నెత్తినే పడింది. వొప్పందాన్ని ముందు తెంచుకున్నవారు పేదవారిని చూసి శ్రద్ధలేదనడం యెంత విడ్డూరం!

అయితే ఉపాధ్యాయుణ్ణి ముద్దాయిని చేయడం నా వుద్దేశం కాదు. పాఠం చెప్పవలసిన చేతితో యాపుల్లో ఫొటోలు యెక్కించవలసి వస్తున్న ఉపాధ్యాయుడు కూడా తన పనిపై అధికారం కోల్పోయినవాడే. అందుకే అతని సహజమిత్రుడు పై అధికారి కాదు, ఆ వేలిముద్ర వేసిన నాయనమ్మ.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. సమావేశం పగలు బడిలో కాక, కూలి ముగిశాక పేటలో జరగాలి. తల్లి ఫోనులో మాట్లాడితే అదీ హాజరే కావాలి. లెక్కలు సంతకం కోసం చాపడం కాక, అందరికీ అర్థమయ్యేలా చదివి వినిపించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఫలానా పిల్లలు వేరుగా కూర్చోవాలని, ఫలానా ఆమె వండితే తినమని వూరు అన్ననాడు, ఆ వూరికి కాదని చెప్పే ధైర్యం బడికి వుండాలి.

కుటుంబానికి తలుపు తెరవడం, కులానికి తలుపు మూయడం బడి వొకేసారి చేయవలసిన పనులు. మొదటిది మాత్రమే చేస్తే బలవంతుడే లోపలికి వస్తాడు. రెండవది మాత్రమే చేస్తే బడి వొంటరిదవుతుంది. విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, యీ రెండు పనుల్లో మన బడి దేనిని యెగవేస్తున్నదో ముందు మనమే తేల్చుకుందాం.