ఊరి వెలుపలి బాట

నడివీథి రహదారి ఊరికి మొదట బ్రతుకుతెరువు నిచ్చును, పిదప ఊపిరాడనీయదు. బండ్లాగి పండ్లు కొనినన్నాళ్లు అంగడివానికి ఆ రద్దీ లాభమే. లారీల వరుస తెగక, బడిపిల్లలు దారి దాటలేక, రోగి నెక్కించుకొన్న వాహనము కదలలేక నిలిచిననాడు, ఊరి వెలుపల వేఱొక బాట వేయుడని జనులు మొఱపెట్టుదురు. ఈ కోరిక న్యాయమైనదే. కాని దానియందొక ప్రశ్న యణగియున్నది. మన గుమ్మము ముందునుండి తొలగించిన బరువును మన మెవరి భుజముపై నుంచుచున్నాము?

తిరుపతి ప్రాంతమువారికి రద్దీ క్రొత్తది కాదు. తిరుమలకు 1944లో తొలి ఘాటురోడ్డు తెఱవబడెను. యాత్రికులు పెరుగగా 1970 దశకమున రెండవది వచ్చెను. నేడు దానిపై ఎక్కుచున్నారు, పాతదానిపై దిగుచున్నారు. నగరములో యాత్రికుల బండ్లు వీథులలో చిక్కుకొనకుండ స్తంభములపై శ్రీనివాస సేతువును కట్టి 2023లో పూర్తిచేసిరి. ఘాటురోడ్డు అడవికొండ మీదుగా పోయినది. సేతువు చాలవఱకు ఉన్న రోడ్డుపైననే లేచినది. పల్లెకు ఈ వెసులుబాటు లేదు. పల్లెను తప్పించి పోవు బాట పంటకయ్యల మీదుగా, మామిడితోపుల నడుమగా పోక తప్పదు.

పదిమంది మేలునకు ఒకరు నష్టపడుట లోకధర్మమని కొందఱందురు. ఈ మాట ఆ ఒకరి నోట వచ్చిన త్యాగము. పదిమంది నోట వచ్చిన బలాత్కారము. పరిహార మిచ్చుచున్నాము గదా యనుట సగము సమాధానమే. పట్టాదారునకు సొమ్ము ముట్టును. ఆ కయ్యలో నాట్లువేయు కూలికి, నోటిమాటపై సాగుచేయు కౌలుదారునకు ఏమి ముట్టును? 2013 భూసేకరణ చట్టము, మూడేండ్లుగా అచట పనిచేసి బ్రతుకుచున్న కూలీలను, కౌలుదారులను గూడ బాధితులలో చేర్చినది; పంచాయతీతో సంప్రదించి సామాజిక ప్రభావమును ముందే పరిశీలింపవలెనన్నది. కాని 1956 జాతీయ రహదారుల చట్టము క్రింద తీసికొను భూములకు ఈ పరిశీలన వర్తింపదు; పరిహార, పునరావాస నియమములు మాత్రము 2015 నుండి వర్తించుచున్నవి. అక్కడ ప్రకటన వెలువడిన 21 దినములలోగా భూమియందు సంబంధముగలవారు ఆక్షేపణ తెలుపవచ్చును. పట్టా లేనివానికి, పత్రిక చదువనివానికి ఆ గడువు ముగిసినపిదపగాని వార్త చేరునా?

సొమ్ముతో తీఱని నష్టమును గలదు. చిత్తూరు సీమ వానలను, చెరువులను నమ్ముకొన్న సీమ. ఒక చెరువు పొర్లిన నీరు వాగుగా పాఱి వేఱొక చెరువునకు చేరును. ఎత్తుగా పోసిన రోడ్డుకట్ట ఆ వాగునకు అడ్డుపడి, తూము ఇరుకైనచో, ఒకవైపు కయ్య మునుగును. రెండవవైపు చెరువు ఎండును. ఇల్లు ఇవతల, పొలము అవతల గల రైతు పశువులతో ఏచోట దాటునో పటములో కనబడదు. ఈ సంగతులు ఆ ఊరి నీరుగంటికి తెలియును. కావున పల్లెవారి నడుగుట దయ కాదు. నిర్మాణశాస్త్రములో నొక భాగమే.

విచారణలతో కాలహరణమగును, ఈలోగా ప్రమాదములు జరుగుననువారు గలరు. ఇది తేలికగా త్రోసివేయరాని మాట. అయినను, అడుగక గీచిన దారి న్యాయస్థానమున చిక్కుకొన్నచో, ఏండ్లు గడచుట మాత్రము కాలహరణము కాదా?

మా యభిప్రాయ మిది. హద్దురాళ్లు నాటుటకు ముందే రెండు మూడు దారుల పటములను గ్రామసభలో పఱచి చూపవలెను. పట్టా లేనివారిని గూడ పిలువవలెను. బండ్లు తొలగిన పాతవీథిలో బేరము కోల్పోవు చిన్న అంగడివానిని లెక్కలోనికి తీసికొనవలెను. ఇంత చేసినను ఏదో యొక బాట ఎవరిదో యొక కయ్యను చీల్చును. కాని అడుగక చీల్చుటకును, అడిగి, విని, వీలైనంత ప్రక్కకు తొలగి చీల్చుటకును భేదము గలదు. న్యాయ మనునది ఆ భేదమునందే యున్నది. ఊరి రద్దీ తీఱినదని సంతసించునాడు, కయ్య కోల్పోయినవాడును ఆ బాటను తన బాట యనుకొని నడువగలడా యని మనము మొదట విచారించుకొందము.