ఖాళీగా ఉంచిన చోటు

సముద్రపు చేపల అక్వేరియం ముందు నిలబడి చూసేవారికి నీటిమట్టం ఎప్పుడూ ఒకేచోట కనిపిస్తుంది. నీరు ఆవిరవుతున్నా తగ్గదు, పంపు ఆగకుండా పోస్తున్నా పెరగదు. ఆ నిలకడ చెరువు అలుగుకు ఉన్నటువంటిదే. పై తొట్టెలో ఒక పక్కన చిన్న అడ్డుగోడ ఉంటుంది. దాని అంచు దాటిన నీరు గొట్టం గుండా కింది బీరువాలో దాచిన రెండో తొట్టెలోకి, అంటే సంపులోకి, దిగుతుంది. అక్కడ శుభ్రపడ్డాక పంపు దాన్ని తిరిగి పైకి తోస్తుంది.

నీటిని దించడానికి ఇంకో పంపు పెట్టరు. రెండు పంపులు ఎన్నడూ సరిసమానంగా నడవవు. ఒకటి కాస్త వెనకబడినా ఏదో ఒక తొట్టె పొంగి తీరుతుంది. అందుకే ఎత్తే పని పంపుకు, దించే పని భూమ్యాకర్షణకు అప్పగిస్తారు. గొట్టానికి చాలినంత వెడల్పుంటే, పంపు ఎంత పోస్తే అంతే కిందికి వస్తుంది.

చాకిరీ అంతా కిందే. అంచు దాటి ముందుగా వచ్చేది నీటిపై తేలే జిడ్డు తెట్టు. గుడ్డసంచి చెత్తను ఆపుతుంది, ప్రొటీన్ స్కిమ్మర్ మలినాన్ని నురగగా కట్టి వేరుచేస్తుంది. కొందరు ఒక అరలో దీపం పెట్టి కీటోమార్ఫా నాచు పెంచుతారు. అది నైట్రేటును, ఫాస్ఫేటును పీల్చుకుంటుంది. ఆవిరైన నీటి లోటు కూడా పంపు ఉన్న చివరి అరలోనే బయటపడుతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి.

ఇన్ని పనిముట్ల మధ్య నిజంగా ఆలోచనలో పడేసేది మాత్రం ఏ పనీ చేయని ఒక భాగం. సంపు పైభాగాన వదిలిపెట్టిన ఖాళీ అది.

కరెంటు పోయిందనుకుందాం. పంపు ఆగుతుంది గాని పై నీరు వెంటనే ఆగదు. అంచు స్థాయికి వచ్చేదాకా దిగుతూనే ఉంటుంది. పంపు గొట్టం మూతి నీటిలో మునిగి ఉంటే, అదే గొట్టం సైఫన్‌గా మారి వెనక్కి లాగుతుంది. 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టెలో ఒక్క సెంటీమీటరు నీరంటే 7.2 లీటర్లు. నాలుగు సెంటీమీటర్లు దిగితే దాదాపు 29 లీటర్లు. 90 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు ఉన్న సంపులో ఆ నీరు 8 సెంటీమీటర్ల ఎత్తు లేస్తుంది. గొట్టాల్లో ఉన్న నీరు దీనికి అదనం. ఆ మేర చోటు లేకపోతే మిగిలిన నీరంతా గది నేల మీదే.

నీటిని దించే బీన్‌యానిమల్ అనే పద్ధతిలోనూ ఇదే వివేకం. అందులో దించే గొట్టాలు మూడు. ఒకటి నిండుగా పారుతుంది, రెండోదానిలో సన్నని ధార పోతుంది, మూడోది పొడిగా ఉంటుంది. మొదటిదానికి నత్త అడ్డుపడితే రెండోది అందుకుంటుంది. అదీ మూసుకుపోతే మూడోదాని వంతు. ఏళ్ల తరబడి చుక్క నీరు చూడకపోయినా, మొత్తం ప్రవాహాన్ని ఒంటరిగా మోయగలిగేలా దాన్ని అమర్చాలి.

సంపును అంచుదాకా నింపాలన్న కోరికలోనూ న్యాయం ఉంది. నీరు ఎక్కువుంటే మలినం పలచబడుతుంది, ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. ఆ లాభం రోజూ అందుతుంది. ఖాళీ వల్ల కలిగే లాభం కరెంటు పోయిన రాత్రి తప్ప కనిపించదు. ఇంటి ఖర్చయినా, ఉద్యోగి దినచర్య అయినా ఇలాంటి లెక్కలోనే ఇరుక్కుంటుంది. వాడని చోటును వృథా కింద జమకట్టడం అలవాటైన మనిషికి, దాన్ని నిర్మాణంలో భాగంగా చూడటానికి కాస్త సాధన కావాలి.

ఆ సాధనకు ఇక్కడ ఒక తేలిక పద్ధతి ఉంది. పంపు ఆపేసి, పై నీరు దిగడం పూర్తిగా ఆగేదాకా చూడాలి. అప్పుడు సంపును పొర్లని ఎత్తు వరకే నింపి, పంపు మళ్లీ వేయాలి. నడుస్తుండగా నీరు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత గీయాలి. పంపు గొట్టానికి పెట్టిన, సైఫన్‌ను తెంచే చిన్న రంధ్రాన్ని నాచు మూసేయవచ్చు, గొట్టాల్లోకి నత్తలు చేరవచ్చు. కాబట్టి ఈ పరీక్ష అప్పుడప్పుడూ మళ్లీ చేయాలి. నీరు చెడితే వేరేచోటికి ఈదిపోయే దారి చేపలకు లేదు. ఈ జాగ్రత్త వాటి తరఫున మనిషే పడాలి.