కేజ్ దాకా వినిపించే గొంతు

నాన్నా,

ఆదివారం నీ ఫ్రెండ్స్‌తో కలిసి ఎంఎంఏ పోటీలు చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆ రక్తాలు చూసి వీడికేం ఒరుగుతుందక్కా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. నేను వద్దనను. మీ అన్న మూడేళ్ళపాటు ఆ పోటీల కేజ్‌లోకి దిగాడు. దిగిన ప్రతిసారీ నేను ప్రేక్షకుల కుర్చీల్లో కూర్చున్నాను. నువ్వు వెళ్ళు. వెళ్ళేముందు పెద్దమ్మ మాట కాస్త విను.

నువ్వు లైగర్ సినిమా చూశావు, ఫోన్లో యూఎఫ్‌సీ పోటీల క్లిప్పులు చూస్తుంటావు. అవన్నీ దూరం నుంచి చూసినవి. మన ఊళ్ళో పోటీ అలా ఉండదు. మీ అన్న మొదటి బౌట్ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ముందురోజు అక్కడ పెళ్ళయింది, స్తంభాలకి బంతిపూల దండలు ఇంకా అలాగే ఉన్నాయి. వంటగది పక్కన, భోజనాల బల్ల మీద కూర్చోబెట్టి మీ అన్న చేతులకి టేపు చుట్టారు. కోచ్ వాడి కనుబొమల మీద వేలితో వాజలైన్ రాశాడు. దెబ్బ జారిపోవాలి, చర్మం చిట్లకూడదు అని. పసిపిల్లాడికి నూనె రాసినంత మెల్లగా రాశాడాయన. బరువు తూగడానికి ముందురోజు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదేమో, వాడి పెదాలు ఇంకా ఎండిపోయే ఉన్నాయి.

అంత చిన్న హాల్లో నీ కుర్చీకీ కేజ్‌కీ మధ్య పది అడుగులు కూడా ఉండవు. నువ్వు అరిస్తే లోపలికి వినిపిస్తుంది. నేను నీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

మీ అన్న రెండో బౌట్ సంగతి చెప్తాను. రెండో రౌండులో వాడు కింద పడ్డాడు, అవతలి కుర్రాడు పైన ఉన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. లేచి నిలబడి "లేవరా నాన్నా, లే" అని గొంతు చించుకున్నాను. నా చుట్టూ ఉన్నవాళ్ళదీ అదే అరుపు. వాడు లేవబోయాడు. లేవాలంటే ఒక్క క్షణం వీపు తిప్పాలి కదా, తిప్పాడు. అంతే, ఆ కుర్రాడు వీపు మీదికెక్కి మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. లొంగిపోయానని మీ అన్న ఆ చేతిని మూడుసార్లు తట్టాడు. రాత్రి ఇంటికొచ్చి పెరుగన్నం తింటూ అన్నాడు: "కోచ్ లేవొద్దు, వాడి కాలు వదలకు అని చెప్తూనే ఉన్నాడట అమ్మా. నాకు నీ గొంతు ఒక్కటే వినిపించింది." వాడు నన్ను తప్పు పట్టలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతే కూర్చుని నేర్చుకున్నాను, కిందపడ్డాక ఏం జరుగుతుందో. కిందవాడు తన రెండు కాళ్ళతో పైవాడి కాలొకటి బంధించి ఉంచుతాడు. ఆ కాలు ఊడిందా, పైవాడు ఛాతీ మీదికెక్కి కూర్చుంటాడు, ఇక గుద్దులే. అందుకని పైవాడు మోకాలు అంగుళం అంగుళం బయటికి లాక్కుంటాడు, కిందవాడు పోనివ్వడు. చూసేవాళ్ళు ఏమీ జరగట్లేదనుకుని "లేపండి, లేపండి" అని రెఫరీ మీద అరుస్తారు. నువ్వు ఆ మోకాలు చూడు. మీ తాతయ్య పాతబస్తీ తాలీంఖానాల్లో కుస్తీలు చూసిన మనిషి. కుస్తీలో వీపు నేలకి తగిలితే చిత్ అయినట్టే, ఆట ముగిసినట్టే. ఇక్కడ అలా కాదు, వీపు నేల మీద ఉన్నవాడు కూడా పట్టు వేసి గెలవొచ్చు. 1993లో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ జరిగినప్పుడు రాయిస్ గ్రేసీ అనే బ్రెజిల్ మనిషి తనకంటే బరువైనవాళ్ళని కూడా గుద్దులతో కాకుండా నేల మీది పట్లతోనే లొంగదీశాడు.

ఎవరైనా తట్టి లొంగిపోతే "పిరికివాడు" అన్న మాట నీ నోట రాకూడదు నాన్నా. మెడ పట్టు మెడ పక్కలనున్న రక్తనాళాల్ని నొక్కేస్తుంది, పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. తట్టడం తెలిసినవాడే మళ్ళీ సోమవారం ప్రాక్టీసుకి వస్తాడు. అలాగే రెఫరీ మధ్యలో దూరి ఆపేస్తే, తొందరపడ్డాడని ఈలలు వెయ్యకు. దెబ్బలు తింటున్నవాడు తనని తాను కాచుకోలేకపోతే ఆపడమే ఆయన పని. వాడి కళ్ళు ఆయనకి కనిపిస్తాయి, నీకు కనిపించవు. కనుబొమ చిట్లితే రక్తం ధారగా కారుతుంది, చూడ్డానికి భయంగా ఉంటుంది, చాలాసార్లు గాయం పైపైనే ఉంటుంది. నాకు భయమేసేది తలకి దెబ్బ తగిలి, రక్తం చుక్క లేకుండా, కళ్ళు తేలేసి పడిపోయినవాణ్ణి చూసినప్పుడే. ఆ సమయంలో ఫోన్ జేబులో పెట్టెయ్. ఆ వీడియో నీ గ్రూపులో తిరగకూడదు. వాడి చెల్లెలు నీ వెనక వరసలోనే కూర్చుని ఉండొచ్చు.

తీర్పు నీకు నచ్చకపోవచ్చు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ మూడు వైపుల నుంచి చూస్తారు, ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించదు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలైంది. అదీ ముగ్గురిలో ఇద్దరు ఆమె వైపు, ఒకరు అవతలి వైపు ఉన్న తీర్పే. పందేల జోలికి మాత్రం అస్సలు వెళ్ళకు. డబ్బు పెట్టినవాడికి కేజ్‌లో మనిషి కనిపించడు.

ఇంకొక్కటి. మీ ఫ్రెండ్స్ మెయిన్ బౌట్ టైముకి వెళ్దాం అంటారు. మొదట్లో దిగేది ఇంటర్, డిగ్రీ పిల్లలు. అమెచ్యూర్ బౌట్లంటే సాధారణంగా మూడు నిమిషాల రౌండ్లు మూడు. ఆ కాసేపటి కోసం ఎన్ని నెలలు తెల్లవారుజామున లేచారో వాళ్ళ అమ్మలకి తెలుసు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. మీ అన్న మొదటిసారి దిగినప్పుడు మా వరసలో నేనూ, అవతలి అబ్బాయి వాళ్ళ నాన్నా, మధ్యలో ఏడు ఖాళీ కుర్చీలు.

నువ్వు ముందే వెళ్ళి కూర్చో. ఇంటికొచ్చాక నాకు ఫోన్ చెయ్. ఎవరు గెలిచారో తర్వాత చెబుదువుగాని, మొదటి బౌట్లో ఓడిపోయిన పిల్లాడి పేరేంటో ముందు చెప్పు.

మీ పెద్దమ్మ