తీరిన అప్పు, తీర్చిన అప్పు



కర్ణాటక సరిహద్దున ఉన్న మన కంగ్టి ప్రాంతంలో అప్పు ఎరుగని ఇల్లు అరుదు. పత్తికో, కందికో పెట్టుబడి కావాలి. వాన ముఖం చాటేస్తే బాకీ పేరుకుంటుంది. కొన్నేళ్ళకు బ్యాంకు నుండి కబురు వస్తుంది: "లక్ష బాకీలో అరవై వేలు ఒకేసారి కట్టండి, ఖాతా మూసేస్తాం." దీనినే వన్ టైమ్ సెటిల్మెంటు అంటున్నాము. మరి ఆ మిగిలిన నలభై వేలు మనస్సాక్షి ముందు ఇంకా అప్పేనా?

ముందు లోకం లెక్క చూద్దాం. ప్రభుత్వ రుణమాఫీ వేరు, సెటిల్మెంటు వేరు. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసినప్పుడు రైతు బదులు ప్రభుత్వమే బ్యాంకుకు చెల్లించింది. సెటిల్మెంటులో నష్టం బ్యాంకుది. అందుకే సిబిల్ వంటి సంస్థల రికార్డులో పూర్తిగా కట్టిన ఖాతా 'క్లోజ్‌డ్' అని, తగ్గించి కట్టిన ఖాతా 'సెటిల్డ్' అని నమోదవుతుంది. ఆ రెండవ మాట ఏళ్ళ తరబడి మన వెంట వస్తుంది. రేపు బిడ్డ చదువుకు అప్పు అడిగితే బ్యాంకు దానిని చూస్తుంది. సెటిల్మెంటు చేసుకున్నవారికి అదే సంస్థ కనీసం 12 నెలల వరకు కొత్త అప్పు ఇవ్వరాదని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. వ్యవసాయ రుణాల విషయంలో ఆ గడువును ఆయా బ్యాంకులకే వదిలింది.

పన్ను సంగతి. వ్యవసాయ ఆదాయంపై కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. కాని దుకాణం నడిపేవారు ఒక ఏడు వడ్డీని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొని, తరువాత అదే వడ్డీని మాఫీ చేయించుకుంటే, ఆ మొత్తం ఆదాయంగా తిరిగి లెక్కకు వస్తుంది. అసలు మాఫీ అయినప్పుడు అది ఆదాయమా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మహీంద్రా కంపెనీ కేసులో 2018లో కాదని తీర్పు వచ్చింది. 2023లో చట్టం మారి, వ్యాపారంలో కలిగిన ప్రయోజనం నగదు రూపంలో ఉన్నా లెక్కలోకి వస్తుందన్నారు. కనుక వ్యాపారులు సంతకం పెట్టకముందే లెక్కలు తెలిసినవారిని అడగడం మంచిది.

ఇక మనస్సాక్షి లెక్క. అప్పు తీర్చడం దయ కాదు, న్యాయం. అయితే అసాధ్యమైన దానికి ఎవరూ బద్ధులు కారు. పునీత తోమాసు అక్వినాసు బోధ ప్రకారం బాకీపడినవాడు వెంటనే తిరిగి ఇవ్వాలి, లేదా గడువు అడగాలి. అడగడమంటే మన స్థితిని దాచకుండా చెప్పడమే. నిజం తెలిసి ఋణదాత ఇష్టపూర్వకంగా వదిలితే ఆ నలభై వేలు నిజంగా పోయినట్లే. దానిని తలచుకొని కుమిలిపోనక్కరలేదు. కాని గాదెలో ధాన్యం దాచి, బంగారం బంధువుల ఇంట పెట్టి, "నా దగ్గర ఏమీ లేదు" అని చెప్పి పొందినది మన్నింపు కాదు. ఖాతా మూసినా అప్పు మిగిలే ఉంటుంది.

ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే చాలు, గండం గడిచిందనుకునేవారు ఉన్నారు. 1963 నాటి కాలపరిమితి చట్టం కోర్టుకెక్కే దారిని మూస్తుంది, అంతేగాని చేతికి అందిన సొమ్ము అందలేదని చెప్పదు. కాలం చెల్లిన అప్పును తీరుస్తానని రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే అంటుంది. మహిళా సంఘంలో ఒకరు ఎగవేస్తే ఆ భారం తోటివారిపై పడుతుందని కూడా మరువకండి.

సెటిల్మెంటుకు వెళ్తే షరతులన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. బాకీ లేదన్న పత్రం అడగండి. తరువాత కలిసివస్తే మిగిలినది కట్టి, రికార్డు సరిచేయమని కోరండి.

మనలో అప్పు ఇచ్చినవారూ ఉన్నారు. మత్తయి సువార్తలో పెద్ద బాకీ మాఫీ పొందిన సేవకుడు చిన్న బాకీ కోసం తోటివాని గొంతు పట్టుకున్నాడు. బ్యాంకు దగ్గర నలభై వేలు తగ్గించుకొని వచ్చిన మనము, మన కూలివాని నాలుగు వేల ప్రోనోటును ఏమి చేయబోతున్నాము?