దవా, దువా, ఇన్సాఫ్

మనసుకు జబ్బు చేసిన మనిషిని బాగుచేయడమంటే ఏమిటి? అతణ్ని కుంగదీసిన బతుకులోకే మళ్లీ సర్దుకుపొమ్మని పంపడమా? ఆ బతుకును కూడా నిలదీయడమా? మానసిక వైద్యులను, కౌన్సెలర్లను తయారుచేసే చదువు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు.

దీన్ని నెత్తికెత్తుకున్న మనిషి ఫ్రాంజ్ ఫానన్. మార్టినిక్‌లో పుట్టిన నల్లవాడు, ఫ్రాన్సులో చదివిన డాక్టరు. 1953లో అల్జీరియాలోని బ్లిదా మానసిక వైద్యశాలలో చేరాడు. అల్జీరియా ముస్లిం పుట్టుకతోనే ఆవేశపరుడు, నేరానికి మొగ్గేవాడు అని అప్పటికి అక్కడి ఫ్రెంచి వైద్యగురువులు నేర్పుతున్నారు. జాతి మొత్తానికి రోగం అంటగట్టి దాన్నే శాస్త్రమన్నారు. ఫానన్ తన వార్డుల్లో సంగీతం, పండుగలు, రోగులే రాసుకునే పత్రిక పెట్టాడు. యూరోపియన్ స్త్రీలు తేరుకున్నారు. ముస్లిం మగవాళ్ల వార్డులో ఏదీ పనిచేయలేదు. లోపం రోగులది కాదనీ, వాళ్ల భాషను, బతుకును పట్టించుకోకుండా ఫ్రాన్సు పద్ధతిని తెచ్చిరుద్దామనీ 1954లో సహచరుడితో కలిసి రాశాడు. అతనికి అరబ్బీ రాదు. దుబాసీ ముందు మనసు విప్పేదెవరు? తర్వాత అక్కడ ఊరి తరహా కాఫీ కొట్టు పెట్టారు. ముస్లిం పండుగలు జరిపారు. కథలు చెప్పేవాణ్ని పిలిపించారు. అయినా 1956లో ఫానన్ రాజీనామా చేశాడు. సొంత నేలమీదే మనిషిని పరాయివాణ్ని చేసే పాలనలో వైద్యం ఒక్కటే ఏం చేయగలదన్నది అతని వేదన.

అల్జీరియా సంగతి మాకెందుకు అనుకోలేం. హైదరాబాదు పాతబస్తీ తల్లి 'దిల్ ఘబ్రారా' అంటే, ఆ మాట తెలియని డాక్టరు గుండె పరీక్షలు రాస్తాడు. ఆమె చెప్పేది కొడుకు సంగతి కావచ్చు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు ఎత్తుకుపోయిన కుర్రాళ్లెందరినో కోర్టులు నిర్దోషులన్నాయి. అలాంటి కుర్రాడు జీపు చప్పుడుకి ఉలిక్కిపడితే నిద్రమాత్ర రాసి పంపేస్తే సరిపోతుందా? మాత్ర వద్దని మేం అనం. నిద్ర కావాలి. నీ భయానికి కారణం ఉందని చెప్పే మనిషి కూడా కావాలి.

అన్యాయాన్ని చూపి మా ఇంటి తప్పును దాచుకోం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు షెడ్లలో ఒకటి అంటుకుంది. గొలుసులతో కట్టేసిన రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. దువా కోసం అక్కడికి అన్ని మతాలవాళ్లూ వస్తారు. దువాకు మా అభ్యంతరం లేదు. గొలుసుకు ఉంది. మందు అందనివ్వకపోవడమూ జుల్మే. అంతా 'అసర్' అనే ఆమిల్, అంతా మెదడులోనే ఉందనే డాక్టరు, అంతా రాజ్యహింసే అనే మేధావి, ఈ ముగ్గురూ రోగి మాట వినడం లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మతం, కులం, లింగం చూడకుండా చికిత్స అందడం హక్కంది. ఆ హక్కును గల్లీలోకి తెచ్చే మనుషులు కావాలి. 'ఎర్రగడ్డ' అన్న మాటే తిట్టయిపోయిన నగరంలో, వార్డులో నేర్చుకునేవాళ్లు బస్తీలోనూ కొన్ని నెలలు నేర్చుకోవాలి. వాళ్లకు దక్కనీ ఉర్దూ, లంబాడీ, గోండీ వినడం రావాలి. ముజావర్ పక్కన కూర్చుని, దువా ఆపకుండానే గొలుసు తీయించి మందు మింగించడం రావాలి. తన్నే మొగుడి దగ్గరికి 'సబర్ చెయ్యమ్మా' అని పంపడం వైద్యం కాదని తెలియాలి. లాకప్పు దెబ్బలు మనసు మీద మిగిల్చిన గాయాన్ని కాగితం మీద రాసి, కోర్టులో చెప్పే ధైర్యం ఉండాలి. మా పిల్లలు, దళితుల పిల్లలు ఆ డాక్టరు కుర్చీల్లో కూర్చోవాలి.

వైద్యంలోకి రాజకీయాలు తెస్తున్నారని అంటారు. అల్జీరియాలో మొత్తం జాతికే రోగం రాసిచ్చిన పాఠం మరేమిటి? మమ్మల్ని రోగులనడం శాస్త్రమూ, మా రోగానికి కారణం అడగడం రాజకీయమూ ఎలా అవుతాయి?