కలుపుచున్న చేయి ఎచ్చట ఆగవలెను?



జోస్యము చూచుటకు ముందు ముక్కలను ఎంతసేపు కలుపవలెను? వినుటకు ఇది పిల్లల ప్రశ్నవలె నుండును. హైదరాబాదులో టారో జోస్యము నేర్చుకొనుచున్న మా బంధువుల బాలిక యొకతె నన్నిట్లు అడిగినది. టారో యనునది పాశ్చాత్యుల పేకకట్ట. అందు 78 ముక్కలుండును. 22 పెద్దవి, 56 చిన్నవి. 15వ శతాబ్దమున ఇటలీదేశమున ఆటకొరకై పుట్టి, 18వ శతాబ్దమున ఫ్రాన్సులో జోస్యమునకు దిగినది. అడుగువారు మనస్సున ప్రశ్న నిలుపుకొని ముక్కలను కలిపెదరు. ఆపిన పిమ్మట కొన్నింటిని తీసి పరచి, బొమ్మలనుబట్టి ఫలము చెప్పెదరు. ఎప్పుడు ఆపవలెనను విషయమున మాత్రము వారిలో వారికే ఏకాభిప్రాయము లేదు. మూడుమార్లు చాలునని కొందరు, ఏడుమార్లని కొందరు, ముక్క యొకటి తనంతట తాను జారిపడువరకు కలుపవలెనని కొందరు, "ఇక చాలు" అని మనస్సునకు తోచువరకని పెక్కుమంది.

గణితశాస్త్రము దీనికొక సమాధానము చెప్పియున్నది. 52 ముక్కల కట్టను రెండుగా విడదీసి, అంచులు వంచి, ఒక భాగపు ముక్కలు రెండవ భాగపు ముక్కల నడుమ పడునట్లు వదలుచు కలిపినచో, సుమారు 7 మార్లకు పూర్వపు వరుస జాడ చాలవరకు చెరగిపోవునని డేవ్ బేయర్, పెర్సీ డయాకొనిస్ అను అమెరికా గణితజ్ఞులు 1992లో నిరూపించిరి. మన రచ్చబండలపై పేకాడువారివలె గుప్పెడు గుప్పెడుగా దించుచు కలుపువారికి వేలమార్లు పట్టునట. అంత ఓపిక ఏ జూదరికిని లేదు గనుక, వారు బాగుగా కలిసినవనుకొను ముక్కలు నిజమునకు కలిసినవి కావు.

ఈ లెక్క చెప్పినను ఆ బాలికకు తృప్తి కలుగలేదు. అది సహజమే. లెక్క తెలుపునది ముక్కలు ఎప్పుడు కలియునో. ఆమె అడిగినది తన మనస్సు ఎప్పుడు సిద్ధమగునో.

"చాలునని తోచువరకు" అను నియమమునే పరిశీలింతము. తోచునది ఎవరికి? అడుగువానికే గదా. అతనిలో ఒక కోరికయు, ఒక భయమును ముందే ఆసీనములై యున్నవి. ముక్కలు బోర్లించి యున్నంతవరకు వాని అధికారము సాగదు; కన్ను మూసికొని ఎచ్చట ఆపినను ఒకటియే. అధికారము చేజిక్కునది ముక్క తిప్పిన పిదప. నచ్చనిది వచ్చినప్పుడు "సరిగా కలుపలేదు, మరల కలుపుదము" అను మాట నోటికి వచ్చును. నచ్చినది వచ్చినప్పుడు ఆ మాట ఎవరికిని గుర్తురాదు. ఇట్టిచోట ఆపుట యనునది ముక్కను చూచిన తరువాత జరుగుచున్నది. అనగా జవాబును ఎన్నుకొన్నది ముక్కలు కావు, మనమే.

మన చిలుకజోస్యమును తలచుకొనుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి మన దేశపు చిలుకలను పంజరమున నుంచుట నేరము. అందుచేత ఇప్పుడు తగ్గినది గాని, పూర్వము జాతరలలో ఈ వృత్తివారు కనబడుచుండిరి. నేను చూచినంతవరకు చిలుక బయటికి వచ్చి ఒక్కొక్క ముక్కను ముక్కుతో లాగి ప్రక్కన వేయుచు పోవును. ఏదో యొకటి అందించి, గింజ తిని, లోనికి పోవును. అందరమును చిలుకనే చూచెదము. గింజ పట్టిన చేతిని చూచువారు తక్కువ.

ఇట్లని అదృష్టముపై విడుచుటయే తప్పని నా అభిప్రాయము కాదు. ఎన్నికలలో ఇద్దరికి సమానముగా ఓట్లు వచ్చినచో చీటీలు వేయవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్పుచున్నది. ఎవరి పేర చీటి వచ్చునో వారికి ఒక ఓటు అదనముగా వచ్చినట్లు లెక్కింతురు. మన గ్రామపంచాయతీలలోను చీటీలతో తేలిన సర్పంచులున్నారు. అధికారి అందరియెదుట చీటీలు కలిపి, ఒకటి తీయించును. అంతటితో సరి. ఓడినవాడు ఇంటికి పోయి దుఃఖించునే గాని, డబ్బాను మరియొకసారి కుదుపుమని అడుగడు. భారతమున నలుని కథయు ఇట్టిదే. ఆగుట తెలియక రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, ఋతుపర్ణునివలన అక్షహృదయము గ్రహించి తిరిగివచ్చి, పుష్కరుని ఒకే పణముతో గెలిచి పాచికలు విడిచినాడు. ధర్మరాజు ఒకసారి సర్వము ఒడ్డి ఓడి, తిరిగి దక్కిన పిదప రెండవమారు జూదమునకు పిలువగా మరల పోయి కూర్చుండెను.

మా ప్రాంతమున నేనెరిగిన ఒక ఇంటి సంగతి చెప్పెదను. ఇంటరు ముగిసిన ఆడపిల్ల. హైదరాబాదులో నర్సింగు చదువునకు సీటు దొరికినది. అదే సమయమున సంబంధమొకటి వచ్చినది. తండ్రి దేవునిముందు పూలు వేసి చూతమనెను. ఎర్రపూవు వచ్చిన చదువు, తెల్లపూవు వచ్చిన పెండ్లి. పొట్లములు కట్టి కలిపి, ఇంటి చంటివానిచే తీయించిరి. ఎర్రపూవు వచ్చినది. "మూడింట రెండు చూతము" అనెను తండ్రి. రెండవమారును ఎర్రదియే. పిల్లవానికి కాగితములోనుండి రంగు కనబడుచున్నదని మందపు కాగితము తెప్పించి మూడవమారు తీయించిరి. తెల్లపూవు వచ్చినది. అచ్చట ఆపిరి. తన నోట వచ్చిన మూడింట రెండు లెక్కనుబట్టి చూచినను చదువే గెలిచినదని ఆయనకు చెప్పగలవారు ఆ గదిలో లేరు.

పిల్ల గడపయొద్ద నిలిచి మూడు పొట్లములను చూచినది. కొన్నాళ్లకు నాతో అన్నమాట ఇది: "నాయినకు ఇష్టం లేదని ముందుగాలనే చెప్తే నేను బతిమిలాడుకునేదాన్ని సార్. దేవుని మీద పెట్టినంక ఎవర్ని అడగాలె?"

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. ఖర్చుకు భయపడెను, పట్టణమునకు భయపడెను, వచ్చిన సంబంధము పోవునని భయపడెను. ఇవి మూడును పిల్లతో కూర్చుండి చెప్పదగిన మాటలే. చెప్పియున్నచో ఆమె వాదించియుండును, ఏడ్చియుండును, బహుశః ఒప్పుకొనియు నుండును. తన నిర్ణయమును పూవు చాటున దాచుటవలన ఆమెకు ఎదుట మనిషి లేకుండపోయెను. మూడవమారు పొట్లములు కలిపినందువలన కలిగిన నష్టమిది.

కల్యాణపట్టణమున బసవేశ్వరుడును, ఆయనతోడి శరణులును తిథివార నక్షత్రముల భయమును, శకునముల భయమును తమ వచనములయందు త్రోసివేసిరని మనమందరము చెప్పుకొనుచునే యున్నాము. అయినను మన జంగమయ్యలే పంచాంగము చెప్పు గ్రామములు మన జిల్లాలలో కలవు. వారి జీవనమును ఎగతాళి చేయుట నాకు సమ్మతము కాదు. ధైర్యము చిక్కని వేళ మనిషి ఎవరినో ఒకరిని అడుగును. కాని పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి కథ చూడుడు. ఆ చిన్నపిల్ల శివుని పాలు త్రాగుమని పట్టుబట్టినది, ఏడ్చినది, ప్రాణము తీసికొందునన్నది. త్రాగునో త్రాగడో యని పూలు వేసి చూడలేదు. తన కోరిక తనదేనని చెప్పి శివుని ముఖముననే అడిగినది. లింగమును అరచేత నుంచుకొని పూజించువారికి ఈ విధము పరాయిది కారాదు.

కావున ఆ బాలికకు నేను చెప్పినది ఇంతయే. మూడుమార్లు కలిపినను, ఏడుమార్లు కలిపినను నాకభ్యంతరము లేదు. ఆ సంఖ్యను ముక్కలు ముట్టకముందే, నీయెదుట కూర్చున్న మనిషి వినునట్లు చెప్పుము. ముక్క తిప్పిన తరువాత ఆ మనిషి "మరల కలుపుము" అనినచో కలుపకుము; "నీవు ఏది రావలెనని కోరుకొంటివి?" అని అడుగుము. వారికి కావలసిన జవాబు చాలసార్లు అందే యుండును. ఇట్లయిన డబ్బులెట్లు వచ్చునని ఆమె నవ్వినది. అదియు నిజమే.

మన జిల్లాలలో ఈ ఆపుట అను సమస్య పేకముక్కలకంటె బోరుబావులయొద్ద పెద్దది. ఇది గ్రానైటు నేల. శిలలోని పగుళ్లయందు తప్ప నీరు నిలువదు. అరచేత కొబ్బరికాయ నిలిపియు, వేపపుల్ల పట్టియు పాయింటు పెట్టువారిని పిలిచెదరు. పడలేదనిన మరియొకని పిలిచి, మరియొక పాయింటు పెట్టించెదరు. నల్లగొండ జిల్లా ముసంపల్లిలో మనుషులకంటె బోరుబావులే ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ వ్రాసియున్నారు. ముక్కలనైన మరల కలిపినచో వరుస మారును. నేలలోని పగుళ్లు మన అడుగుటవలన మారవు; మారునది అప్పు మాత్రమే. నాలుగు బోర్లు ఎండినవాడు ఐదవది వేయుట నీటికొరకు మాత్రమే కాదు, మునుపటి నాలుగింటి ధనము పోయినదని ఒప్పుకొనలేకయు.

మా ఎరుకలోని ఒక పెద్దకాపు బోరుబండిని పిలుచుటకు ముందురాత్రి భార్యను, ఇద్దరు కొడుకులను కూర్చుండబెట్టుకొని, "రెండే బోర్లు. పడకుంటే ఆముదాలు ఏస్తా" అని చెప్పెను. రెండును ఎండినవి. మూడవదానికి అప్పిచ్చువారు మరునాడే వాకిట నిలిచిరి. పెద్దకొడుకు తండ్రి ముఖము చూచెను. ఆ ఏడు వారి చేనిలో ఆముదము మొలిచినది.